అల్లుడు చావని ఆట

ఎయిర్‌పోర్టు పక్కనున్న సాతంరాయిలో రాములు ఇంటి కొత్తల్లుడు అరవింద్ ఒక ఆదివారం మధ్యాహ్నం, అత్తగారు పెట్టిన నాటుకోడి కూర ఇంకా అరగకముందే, చచ్చిపోయాడు. చంపింది మూడు తలల మొసలి. దాన్ని పుట్టించి, పెంచి, ఆయన మీదికి ఉసిగొల్పింది స్వయానా ఆయన మరదలు శిరీష.

కంగారు పడకండి, ఆటలోనే. ఈ ఆట సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలి. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషిని ఎంచుకొని, వాడు ఏం చేస్తాడో, ఏమంటాడో చెబుతుంటారు. గోడ దూకాలన్నా, మొసలిని పొడవాలన్నా, అవుతుందో కాదో తెలియని ప్రతి పనికీ పాచిక వేస్తారు. బాగా పడితే పని అవుతుంది, పాడుగా పడితే పరువో ప్రాణమో పోతుంది. అంతే ఆట. దీనికి ఐదు వందల పేజీల రూల్స్ పుస్తకాలు ఎందుకు రాస్తారో ఆ రాసినవాళ్లకే తెలియాలి.

ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే శిరీషకు ఈ ఆటంటే పిచ్చి. ఏళ్ల తరబడి ఫోన్లో మొహం కూడా తెలియని వాళ్లతో ఆడింది. ఆట మంచి పట్టులో ఉండగా ఎవడో ఒకడు నెట్ పోయిందని మాయమయ్యేవాడు. ఎదురుగా మనుషులు కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆడితే ఎట్లా ఉంటుందోనని ఆమె ఎంత ఆశపడిందో చెప్పలేం. అక్క అరుణ పెళ్లి అయ్యాకే ఆ యోగం పట్టింది. అక్కాబావలు తుక్కుగూడ నుంచి ఆదివారం ఆదివారం వస్తారు. చిన్నాయన కొడుకు బాలమల్లు తన క్యాబును ఇంటి ముందు ఆపి కూర్చుంటాడు. ముగ్గురు ఆడేవాళ్లు, ఒక కథ నడిపే మనిషి. చాప మీద రాజ్యం సిద్ధం.

చిక్కల్లా బాలమల్లు గొంతుతో వచ్చింది. రోజంతా విమానాల చప్పుడు కింద ప్యాసింజర్లతో మాట్లాడీ మాట్లాడీ ఆ గొంతు కేకగానే నిలిచిపోయింది. మొసలి నోట్లో అరవింద్ మనిషి పడగానే వాడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"బావ సచ్చిండు. అరుణక్కా, బావ సచ్చిండు."

వాకిట్లో చింతపండు గింజ తీస్తున్న శిరీష తల్లి చంద్రమ్మ చేతిలోని చేట కింద పడింది. గోడ అవతల తారాబాయికి చేట లేదు గనక ఫోన్ అందుకుంది. చంద్రమ్మ కొంగు సర్దుకొని గదిలోకి వచ్చేలోపే ఆ కబురు తుక్కుగూడ చేరి, అరవింద్ వాళ్లమ్మ దగ్గర్నుంచి ఫోన్ మోగింది. పాపం, తన చావు గురించి తానే జవాబు చెప్పుకున్నాడు.

"మంచిగనే ఉన్ననమ్మా. లేదు, సావలే. మొసలి... అరే, నిజం మొసలి కాదు. ఏడువకు, నేనే గద మాట్లాడుతున్న."

చంద్రమ్మ తలుపు పక్కన నిలబడింది. అల్లుడి ముందు కూర్చోవడం గానీ, నేరుగా మాట్లాడటం గానీ ఆమెకు అలవాటు లేదు. ఆయన ఎదురుగా ఉన్నా సరే "అల్లుడు చాయ్ తాగుతడేమో అడుగు" అని కూతురితోనే అంటుంది. ఇప్పుడు కూడా కూతురితోనే అంది.

"ఆడుకుంటే ఆడుకోర్రి, నేను గాదన. కనీ నా ఇంట్ల అల్లుడు సావొద్దు. ఇంకొక్కపారి గా మాట ఇనవడ్డదంటే గీ ఆట బందు. డైసులన్నీ తీస్కపోయి బాయిల ఏస్త."

చంద్రమ్మ అన్నదంటే చేస్తుంది. వెనుక ఒకసారి బాలమల్లు పేకముక్కలు పొయ్యిలో పెట్టింది ఆమే. శిరీష పాచికలన్నీ ఏరి ఒళ్లో పెట్టుకుంది. ఇన్నాళ్లకు దొరికిన ఆట, ఒక్క అల్లుడి ప్రాణం మీద ఆధారపడి ఉంది.

కాబట్టి సమస్య ఏమిటంటే, అల్లుడు చావని ఆట ఒకటి కావాలి. లోకంలో ఇన్ని ఆటలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో పాచిక పద్ధతి ఉంది, ఏదో ఒకటి అల్లుడిని బతికించదా అని శిరీష వెతకడం మొదలుపెట్టింది.

ఆయన్ని మింగింది ఇరవై పలకల పాచిక. ఈ పద్ధతిలో ఒక్కటే పాచిక, ఒకటి నుంచి ఇరవై దాకా ఏదైనా పడొచ్చు, అన్నింటికీ సమాన అవకాశం. ఇరవై పడితే దెబ్బ రెండింతలు. ఒకటి పడితే తన కత్తి తన కాలి మీదే. ఇక్కడే ఉంది దరిద్రం. పదేళ్లు కత్తిసాము చేసిన వీరుడైనా, నిన్న అంగట్లో కత్తి కొన్నవాడైనా, ఇరవైసార్లలో ఒకసారి బొక్కబోర్లా పడాల్సిందే. బాలమల్లుకు మాత్రం ఇదే ప్రాణం. "క్యాబు గూడ గిట్లనే గదనే. ఒకపారి బెంగళూరు దాంక బాడుగ వడ్తది, ఒకపారి ముందలి గేటు నుంచి ఎనక గేటుకు" అంటాడు.

మరుసటి ఆదివారం శిరీష రెండు పాచికల ఆట తెచ్చింది. మామూలు ఆరు పలకలవే, రెండూ కలిపి కూడాలి. కూడితే ఏడు చుట్టూ ఎక్కువగా పడతాయి, రెండూ పన్నెండూ ఎప్పుడో గానీ రావు. ఏడో ఎనిమిదో పడితే పని అవుతుంది గానీ దాంతోపాటు ఏదో ఒక నష్టం తగులుకుంటుంది. చావు తక్కువ. శిరీష సంబరపడింది. అరుణకు కూడా నచ్చింది. ఆమెకు లెక్కలో పడని ఎగుళ్లూ దిగుళ్లూ గిట్టవు.

అరవింద్ ఏడు వేశాడు. నది దాటాడు, గుర్రం కొట్టుకుపోయింది. మళ్లీ ఏడు. దొంగలను తరిమాడు, కత్తి విరిగింది. ఎనిమిది. మంట ఆర్పాడు, మీసం కాలింది. సాయంత్రానికి ఆయన వీరుడు, కత్తుల కనకయ్య, పని మీద పని గెలుచుకుంటూ పోయి చివరికి అడవి మధ్యలో ఒక తుండుగుడ్డతో మిగిలాడు. బాలమల్లు ఊరుకుంటాడా? "బావకు ఒంటి మీద బట్టలు గూడ లెవ్వు" అని కేక పెట్టాడు. తలుపు పక్క నుంచి గొంతు వచ్చింది.

"అల్లునికి బట్టలు లేకపోవుడేందే? ఇంటి మీదికి వచ్చినోనికి బట్టలు పెట్టకపోతిమని నలుగురు అనుకోరా?"

ఆటలో అని చెప్పి ఏం లాభం? ఆమె లోపలికి వెళ్లి పెట్టెలోంచి ప్యాంటు గుడ్డా చొక్కా గుడ్డా తీసి, బొట్టు పెట్టి మరీ ఇచ్చింది. అరవింద్ అవి ఒళ్లో పెట్టుకొని అడవిలో తుండుగుడ్డతోనే మిగతా ఆట ఆడాడు.

తర్వాత గుప్పెడు పాచికల ఆట. నీకు ఎంత పనితనం ఉంటే అన్ని పాచికలు. అన్నీ ఒకేసారి విసిరి, వాటిలో ఐదులూ ఆరులూ ఎన్నో లెక్కపెట్టుకోవాలి. పని తెలిసినవాడికి న్యాయం జరిగే పద్ధతి ఇది. అరవింద్ ఎయిర్‌పోర్టులో సామాన్ల బెల్టులు బాగుచేస్తాడు కాబట్టి పనితనానికి విలువ ఉన్న ఈ ఆట ఆయనకు నచ్చింది. కత్తుల కనకయ్యకు ఎనిమిది పాచికలు. ఎనిమిదింటిలో ఒక్క ఐదు గానీ ఒక్క ఆరు గానీ పడకపోవడమనేది నూటికి నాలుగుసార్లే జరుగుతుందని శిరీష ధైర్యం చెప్పింది. ఆయన విసిరాడు. మంచం కిందికి రెండు, గడప దాటి ఒకటి, చాప మీద ఐదు. వెతికి తెచ్చి చూస్తే అన్నీ ఒకట్లూ రెళ్లూ మూళ్లూ నాలుగులే. ఆ మనిషి చేతికి ఏం శాపం తగిలిందో గానీ, లెక్కలకు తల వంచే చెయ్యి కాదది. కనకయ్య కొండ మీంచి జారాడు. సగం దారిలో చెట్టుకొమ్మ మొలిపించి శిరీష ఎట్లాగో ఆపింది.

ఆ పైన నూటికి ఇంత అనే ఆట, పాచికలు ఒకటి నుంచి నూరు దాకా పడతాయి. నీకు నలభై పాళ్లు చేతనైతే నలభై లోపు పడాలి. ఎవరికి ఎంత అవకాశమో చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ఇందులో దెబ్బలకన్నా భయం ఎక్కువ. భయం ముదిరితే మనిషికి మతి చలిస్తుంది. ఏం జరిగిందో వేరే చెప్పాలా? ఈసారి అరుణే నోరు జారింది, "మా ఆయనకు పిచ్చి లేసింది" అని. పిచ్చి అన్న మాట చావుకన్నా ఎక్కువగా తగిలింది చంద్రమ్మకు. చచ్చిపోతే నలుగురూ జాలిపడతారు, పిచ్చి లేస్తే పిల్లనిచ్చిన వాళ్లను కదా అంటారు. ఆ వారమంతా ఆమె శిరీషతో మాట్లాడలేదు.

నాలుగు పద్ధతులూ అయిపోయాయి. ఇక శిరీష ఐదో పద్ధతి పట్టింది, తొండి.

కార్గోలో పారేసిన అట్టపెట్టె నుంచి ఒక రెక్క చింపి తన ముందు నిలబెట్టుకుంది. కథ నడిపేవాళ్లు ఇట్లా అడ్డం పెట్టుకోవడం మామూలే, కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. మళ్లీ ఇరవై పలకల ఆట. రాక్షసుల పాచిక అట్ట వెనుక వేస్తుంది. అరవింద్ మీదికి పద్దెనిమిది పడితే "ఐదు" అంటుంది. ఇరవై పడితే "తప్పింది బావా, జర్రలో తప్పింది" అంటుంది. ఆయన వేసే పాచిక ఎట్లాగూ ఆయన కర్మకే వదిలేసింది, కానీ తగిలే దెబ్బ తగ్గితే చాలు కదా. ఆటలో ఎక్కువ తక్కువలు సర్దడం కథ నడిపేవాళ్ల పనే అని తనకు తాను నచ్చజెప్పుకుంది.

కానీ దెబ్బలు ఎవరో ఒకరికి తగలాలి కదా, లేకపోతే రాక్షసులకు పనేముంది? అవన్నీ బాలమల్లు మీద పడ్డాయి. వాడి మంత్రాల మల్లయ్య చచ్చాడు. మంత్రాల మల్లయ్య తమ్ముడు వచ్చాడు, చచ్చాడు. ఆ తమ్ముడి తమ్ముడు వచ్చి గడప దాటకముందే చచ్చాడు. "మా ఇంట్ల మొగోల్లు అయిపోయిన్రు. ఇగ మల్లయ్య మ్యానత్తనే దిగాలె" అని వాడు మొహం మాడ్చుకున్నాడు.

అరవింద్ మాత్రం మెల్లమెల్లగా మాట తగ్గించాడు. తర్వాత వింత పనులు మొదలుపెట్టాడు. కత్తుల కనకయ్యను నీళ్లు లేని బావిలోకి దూకించాడు. ఏమీ కాలేదు, అడుగున గడ్డివాము ఉందంది శిరీష. విషం కలిపిన కల్లు అని తెలిసీ తాగించాడు. ఏమీ కాలేదు, విషం పాతదైపోయిందంది. ఒక ఆదివారం కనకయ్య చెరువుగట్టున మొసలి దగ్గరికి వెళ్లి, నడుమ తల నోరు తెరిచి, తన తల అందులో పెట్టాడు. శిరీష అట్ట వెనుక పాచిక వేసింది. ఇరవై.

"మూడు," అంది. "మొసలికి ఆవులింత వచ్చింది."

అరవింద్ చేతిలోని పెన్సిల్ కింద పెట్టాడు.

"ఇగ చాలు శిరీషా. ఏ మిషనైనా నెలకోపారి ఆగుతది. అసలే ఆగకుంటే మీటరు ఖరాబైనట్టు. తొండి చేస్తున్నవ్ గద?"

శిరీష అట్ట అంచు సర్దింది. బాలమల్లు ఆమె మొహం చూసి, చచ్చిన తన అన్నదమ్ములందరినీ ఒక్కసారి తలచుకున్నాడు కాబోలు, దవడ బిగించాడు.

"నీ మంచికే చేసిన బావా," అంది శిరీష చివరికి. "నువ్వు సస్తే అమ్మ ఆట బందు వెడ్తది."

అరవింద్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకు ఇంత బాధ కలిగేది కాదు.

"ఈ ఇంట్ల నేనొక గ్లాసు గూడ కడగలే. నడుసుకుంట దుకానం దాంక పోతనంటే మామ బండి తీస్తడు. కూర కారమున్నదంటే అత్తమ్మ కండ్లల్ల నీల్లొస్తయ్, అందుకే ఏం అన. ఫ్యాను నా దిక్కు తిప్పుతరు, ఎండకాలం అందరు ఉడుకుతుంటరు. నాకు శరమైతది శిరీషా. గీ చాప మీద కూసున్నంత సేపన్న నేను మామూలు మనిషిని అనుకున్న. గిక్కడ మొసలి గూడ నాకు మర్యాద జేస్తున్నది."

అరుణ నవ్వబోయి, భర్త మొహం చూసి ఆగిపోయింది. శిరీషకు ఏడుపు వచ్చింది. తను కాపాడింది ఎవరినసలు? ఎదురుగా మనుషులు కూర్చుని ఆడాలని ఏళ్ల తరబడి ఏడ్చి, తీరా దొరికాక వాళ్లకు అట్ట అడ్డం పెట్టింది.

"అట్ట తీసెయ్యి," అన్నాడు అరవింద్. "అందరికి కనవడేతట్టు నడుమ వెయ్యి. లేకుంటే నేనొచ్చే ఆదివారం రాను. అరుణొక్కతే వస్తది."

ఆయన రాకపోతే మిగిలేది ఇద్దరు. అందులో ఒకడి వంశం అంతరించింది. అట్ట తీస్తే ఆయన చస్తాడు, ఆట బందు. తీయకపోతే ఆయన రాడు, ఆట బందు. శిరీష అట్ట తీసి గోడకు ఆనించింది. ఆట పోతే పోయింది, ఈ ఒక్క పూటైనా నిజంగా ఆడదామనుకుంది. పాచిక చేతిలోకి తీసుకునేసరికి తలుపు పక్కన చంద్రమ్మ నిలబడి ఉంది. మొత్తం విన్నది.

"ఏందే, ఇప్పుడు అల్లుడు సస్తడా?"

"సావచ్చమ్మా. బతకనువచ్చు. డైసు ఎట్ల వడితె గట్ల. ఇగ నేను తొండి చెయ్య."

చంద్రమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. అల్లుడు అలిగి వెళ్లిపోవడమా, అల్లుడు చావడమా అన్నది చిన్న సమస్య కాదు. అప్పుడామెకు తన చెయ్యి గుర్తొచ్చింది. చంద్రమ్మ చెయ్యి మంచిదని వాడకట్టంతా అంటుంది. కొత్త విత్తనం పెట్టాలంటే మొదటి గింజ ఆమెతోనే వేయిస్తారు. ఆవకాయలో మొదటి పిడికెడు ఉప్పు ఆమెదే. బాలమల్లు క్యాబు చక్రం కింద నిమ్మకాయ పెట్టిందీ ఆమే, ఇప్పటి దాకా దానికి గీత కూడా పడలేదు.

"ఇటు తే. నేనేస్త," అంది. "నా చేతితోని ఎవ్వలకు చెడు గాదు."

ఎవరికీ తప్పు తోచలేదు. ఎట్లా తోస్తుంది, పుట్టినప్పటి నుంచీ అందరూ ఆ చేతిని నమ్ముకున్నవాళ్లే. అల్లుడి ముందు కూర్చోకూడదనేది ఒక్క క్షణం అడ్డం వచ్చింది గానీ, నిలబడి పాచిక వేస్తే మంచం కిందికి పోతుంది. కూర్చుంది. కళ్లు మూసుకొని ఎల్లమ్మకు మొక్కుకొని, మొసలి తరఫున పాచిక వేసింది.

ఇరవై.

"పెద్దదే వడ్డది," అంది మొహం వెలిగిపోతూ. "మంచిదేనా?"

"మంచిదేనమ్మా," అంది శిరీష నీరసంగా. "మొసలికి."

అప్పుడు బాలమల్లు నెత్తి కొట్టుకున్నాడు. మంచి చెయ్యి ఎవరి తరఫున వేస్తే వాళ్లకే కదా మంచి. కత్తుల కనకయ్య ఒక భుజం పోయి గట్టు మీద పడ్డాడు. చంద్రమ్మ నాలుక కరుచుకుంది. ఇంతలో అరవింద్ తన పాచిక వేశాడు. జన్మకో శివరాత్రి అన్నట్టు పంతొమ్మిది పడింది. కనకయ్య లేచి మొసలి కుడి తల నరికేశాడు.

"నా తల ఎందుకు నరుకుతవ్?" అంది చంద్రమ్మ. ఆమె అల్లుడితో నేరుగా అన్న మొదటి మాట అదే.

"నువ్వు నన్ను తింటున్నవ్ గదా అత్తమ్మా."

"తినక? నా చెరువులకు నువ్వెందుకు వచ్చినవ్?"

కొంగు నడుముకు చుట్టుకొని ఆమె ముందుకు జరిగింది. పద్దెనిమిది. కనకయ్య డాలు పగిలింది. అరవింద్ వేశాడు, నాలుగు. కత్తి గాలిలో తిరిగి వచ్చింది. ఆమె ఈసారి ఎల్లమ్మను తలచుకోలేదు. పాచికను రెండు అరచేతుల మధ్య గలగలలాడించి, ఊది, చాప నడుమ విసిరింది. మళ్లీ ఇరవై.

"సంపిన," అంది చంద్రమ్మ తొడ చరిచి. "నమిలి మింగిన."

పైన విమానం ఒకటి దిగుతూ పోయింది. అరుణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శిరీష తల్లి మొహం వైపు చూడలేక పాచిక వైపు చూస్తోంది. అరవింద్ తన కాగితం మీద కత్తుల కనకయ్య పేరు అడ్డంగా కొట్టేశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో ఇప్పటిదాకా ఆయన నవ్విన నవ్వులన్నీ పళ్లు కనిపించేంత వరకే. ఈ నవ్వుకు ఒళ్లంతా కదిలింది, కళ్ల నీళ్లు వచ్చాయి, చాప మీద పక్కకు ఒరిగిపోయాడు.

చంద్రమ్మ పాచికను పిడికిట్లోంచి వదల్లేదు.

"సచ్చినోనికి ఏం నవ్వు? పక్కకు జరుగు, ఆడెటోల్లకు జాగ గావాలె," అంది. "ఖాళీగనే ఉన్నవ్ గద, పోయి బర్రెకు గడ్డెయ్యి పో. యాల్లయితున్నది."

అన్నాక ఆమెకు తట్టిందో లేదో తెలియదు. ఆమె మనసు మార్చుకునే లోపలే అరవింద్ లేచి ఉరికాడు, చెప్పులు కూడా వేసుకోలేదు.

కిటికీలోంచి శిరీషకు కనిపిస్తూనే ఉంది. ఇస్త్రీ చొక్కా నిండా గడ్డి. బర్రె ఆయన్ని కొమ్ముతో నెడుతోంది, ఆయన దాన్ని భుజంతో నెడుతూ "జరుగే, నీకేం మర్యాద లేదా" అని తిడుతున్నాడు. ఆ తిట్టులోని సంతోషం కిటికీ దాకా వినిపిస్తోంది.

అప్పుడే చేను నుంచి వచ్చిన రాములు వాకిట్లో ఆ వైభోగం చూసి, చేతిలో పార అట్లాగే పట్టుకొని గుమ్మంలోకి వచ్చాడు.

"ఏందే గిది? అల్లునితోని గడ్డేపిస్తున్నవ్?"

చంద్రమ్మ తల ఎత్తలేదు. ఆమె చూపు మల్లయ్య మేనత్తను ఆటలోకి దించిన బాలమల్లు మీద ఉంది.

"జర ఆగు," అంది. "నాకింక రెండు తలలున్నయ్."